"నా ఫీజు మీరు ఇవ్వక్కర్లేదు అక్కా" అనే లోన్ బ్రోకర్‌ని ఏం అడగాలి, ఏ కాగితంలో ఏ గడి చూడాలి

2019లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా మొదటి ఇల్లు కొన్నాం. ధర 4,50,000 డాలర్లు. అందులో 20 శాతం మేం కట్టి, మిగతా 3,60,000కు లోన్ తీసుకున్నాం. బ్రోకర్ మనవాడే, గుడిలో పరిచయం. మొదటి ఫోన్‌లోనే "నాకు మీరు ఒక్క డాలర్ కూడా ఇవ్వక్కర్లేదు అక్కా, లెండరే ఇస్తాడు" అన్నాడు. లెండర్ అంటే అప్పిచ్చే బ్యాంకో కంపెనీయో. నేనూ మా ఆయనా పొంగిపోయాం. అంతకు మించి ఒక్క ప్రశ్న అడగలేదు.

రిజిస్ట్రేషన్ సంతకాలకు, అంటే ఇక్కడివాళ్లు క్లోజింగ్ అనేదానికి, నాలుగు రోజుల ముందు ఐదు పేజీల కాగితం ఒకటి ఈమెయిల్‌లో వచ్చింది. దాని పేరు క్లోజింగ్ డిస్‌క్లోజర్. రెండో పేజీలో కుడి చివర "ఇతరులు చెల్లించినది" అనే సన్నటి నిలువు గడి ఉంటుంది. అందులో ఎల్ అనే అక్షరం, దాని పక్కన 8,100 డాలర్లు. మా లోన్‌లో రెండుంపావు శాతం. లెండర్ మా బ్రోకర్ కంపెనీకి ఇస్తున్న డబ్బు అది.

లెండర్ ఆ డబ్బు తన జేబులోంచి తీసి ఇవ్వడు కదా. మా వడ్డీ రేటు 4.25 శాతం. అదే వారం మా ఆఫీసులో నాలాంటి క్రెడిట్ స్కోరే ఉన్న ఒకావిడకి ఒక క్రెడిట్ యూనియన్ (సభ్యులదే అయిన సహకార బ్యాంకులాంటిది) 3.875 ఇచ్చింది. 3,60,000 మీద 30 ఏళ్లకు ఆ తేడా నెలకు 78 డాలర్లు. ఆ రాత్రి కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. గృహప్రవేశం కార్డులు అప్పటికే పంచేశాం. సంతకం పెట్టేశాం.

మా బ్రోకర్ చట్టం తప్పలేదు. చూపించాల్సిన చోట చూపించాడు. ఎక్కడ చూడాలో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు చూడాలో తెలియనిది నాకు. అప్పటినుంచి మావాళ్లు ఎవరు ఇల్లు కొంటున్నా నాకు స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ముందు రెండు కాగితాల సంగతి. మీరు బ్రోకర్‌కో లెండర్‌కో ఆరు వివరాలు ఇచ్చారంటే చట్టం దృష్టిలో అప్లికేషన్ పెట్టినట్టే: పేరు, ఆదాయం, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఇంటి అడ్రసు, ఇంటి విలువ అంచనా, ఎంత అప్పు కావాలో. ఆ ఆరూ అందిన మూడు పనిదినాల్లోగా మూడు పేజీల లోన్ ఎస్టిమేట్ పంపాలి. క్లోజింగ్‌కి కనీసం మూడు పనిదినాల ముందు క్లోజింగ్ డిస్‌క్లోజర్ మీ చేతికి రావాలి. ఈ రెండు ఫారాలు 2015 అక్టోబర్ 3 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకు ముందు రెండు వేర్వేరు చట్టాల కింద, ఒకటి 1968ది, ఇంకొకటి 1974ది, వేర్వేరు కాగితాలు వచ్చేవి. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం మామూలు మనిషి వల్ల అయ్యేది కాదు. 2008లో ఇంటి లోన్లు కుప్పకూలిన దెబ్బ తర్వాత 2010లో వచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం వినియోగదారుల కోసం సీఎఫ్‌పీబీ అనే సంస్థను పెట్టింది. రెండు రకాల కాగితాలనూ కలిపి ఇలా చేసింది ఆ సంస్థే.

లోన్ ఎస్టిమేట్ వచ్చి, దాన్ని చూసి "సరే, ముందుకు వెళ్దాం" అని మీరు చెప్పేదాకా క్రెడిట్ రిపోర్ట్ ఖర్చు తప్ప ఒక్క డాలర్ కూడా మీ దగ్గర పుచ్చుకోకూడదు. అప్లికేషన్ ఫీజు అనీ, అప్రైజల్ (లెండర్ కోసం ఇంటి విలువ కట్టించడం) కోసం ముందే కార్డ్ నంబరు కావాలనీ అడిగితే ఆగండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటు. బ్రోకర్‌కి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. మీరే ఇస్తే దాన్ని బోరోయర్ పెయిడ్ అంటారు. అది లోన్ ఎస్టిమేట్ రెండో పేజీలో ఎడమవైపు పైన, ఏ అనే సెక్షన్‌లో, అంకెతో సహా కనిపిస్తుంది. లెండర్ ఇస్తే లెండర్ పెయిడ్. అది లోన్ ఎస్టిమేట్‌లో ఎక్కడా కనిపించదు. కనిపించాలని రూల్ కూడా లేదు. ఎందుకంటే ఆ ఫారంలో మీరు నేరుగా కట్టేవే రాస్తారు, రేటులో కలిసిపోయినది రాయరు. చివర్లో, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో, ఇందాక చెప్పిన కుడి చివరి గడిలోనే బయటపడుతుంది. అప్పటికి మీరు అప్రైజల్ డబ్బు కట్టేసి, ఆప్షన్ పీరియడ్ (ఇల్లు వద్దనుకుని వెనక్కి తగ్గే గడువు) దాటిపోయి, అపార్ట్‌మెంట్‌కి నోటీసు ఇచ్చేసి ఉంటారు. నా దృష్టిలో ఈ మొత్తం ఏర్పాటులో పెద్ద లోపం ఇదే. చూపిస్తారు, కానీ చూసి చేయగలిగింది ఏమీ లేనప్పుడు చూపిస్తారు.

కాబట్టి ఆ అంకెను మొదట్లోనే మీరే అడిగి రాబట్టాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వకముందే ఈమెయిల్ పెట్టండి, ఫోన్‌లో కాదు. నేను పంపే ఈమెయిల్‌లో ఉండేది ఇంతే: "ఈ లోన్ మీద మీ కంపెనీకి మొత్తం ఎంత వస్తుంది, శాతంలోనూ డాలర్లలోనూ చెప్పండి. లెండర్ ఇస్తే రేటు ఎంత, నేనే ఇస్తే రేటు ఎంత, రెండూ ఒకే రోజు ధరలతో రాసి పంపండి. ప్రాసెసింగ్ ఫీజు అని విడిగా ఏమైనా ఉంటే అదీ చెప్పండి." నిజాయితీ ఉన్న బ్రోకర్ గంటలో జవాబిస్తాడు. "అవన్నీ తర్వాత చూద్దాం మేడమ్, ముందు ప్రీ-అప్రూవల్ చేసేద్దాం" అంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. ప్రీ-అప్రూవల్, అంటే మీకు ఇంత లోన్ రావచ్చని ముందుగా ఇచ్చే కాగితం, ఇచ్చేవాళ్లకి ఈ ఊళ్లో కరువు లేదు.

బేరం గురించి ఒక విచిత్రం. "మీ కోసం నా కమిషన్ తగ్గించుకుంటా అక్కా" అని లెండర్ పెయిడ్ లోన్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పని చట్టం చెయ్యనివ్వదు. ఆ బ్రోకర్ కంపెనీ ఒక్కో లెండర్‌తో ముందే ఒక శాతం రాసుకుని ఉంటుంది. మామూలుగా అది ఒకటికీ 2.75కీ మధ్య ఉంటుంది. మీ ఒక్కరి బేరం కోసం దాన్ని మార్చకూడదు, పక్కవాడి రేటుకి సరితూగాలని కూడా మార్చకూడదు. వినడానికి మనకి నష్టంలా ఉంటుంది కానీ దీని వెనక కథ ఉంది. 2011 ఏప్రిల్‌కి ముందు, ఎంత ఎక్కువ రేటుకి మిమ్మల్ని ఒప్పిస్తే లెండర్ బ్రోకర్‌కి అంత ఎక్కువ ఇచ్చేవాడు. ఈల్డ్ స్ప్రెడ్ ప్రీమియం అనేవారు దాన్ని. మంచి స్కోరు ఉండి తక్కువ రేటు రావాల్సినవాళ్లకు కూడా ఖరీదైన లోన్లు అంటగట్టింది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు రేటును బట్టి కమిషన్ మారకూడదు. ఒకే లోన్ మీద మీ దగ్గరా లెండర్ దగ్గరా రెండుచోట్లా తీసుకోకూడదు. అప్పు మొత్తం మీద ముందే అనుకున్న శాతం తీసుకోవచ్చు, అంతే. అందుకే అప్పు పెంచమని సలహా ఇస్తే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. వాళ్ల ఆదాయం పెరిగే దారి ఇంకా తెరిచి ఉన్నది అక్కడే.

బేరం ఆడే వీలున్నది బోరోయర్ పెయిడ్‌లోనే. అక్కడ ఫీజు మీకూ వాళ్లకూ మధ్య కుదిరే మాట. 2021లో మేం రీఫైనాన్స్ చేసినప్పుడు, అంటే పాత లోన్ తీర్చేసి కొత్తది తీసుకున్నప్పుడు, ఈసారి వేరే బ్రోకర్ దగ్గర, పై ఈమెయిల్ పంపితే రెండు రకాలూ వచ్చాయి. అప్పటికి మాకు మిగిలిన అప్పు 3,47,000. లెండర్ ఇచ్చే పద్ధతిలో రేటు 3.125, మా చేతినుంచి బ్రోకర్‌కి సున్నా. మేమే ఇచ్చే పద్ధతిలో ఫీజు ఒక శాతం, అంటే 3,470 డాలర్లు, రేటు 2.875. నెలకు తేడా దాదాపు 47 డాలర్లు. 3,470ని 47తో భాగిస్తే 74 నెలలు, అంటే ఆరేళ్లు దాటితే మేమిచ్చిన ఫీజు తిరిగి వచ్చినట్టు. పిల్లల స్కూలు ఇక్కడే, ఇల్లు మారే ఆలోచన లేదు, అందుకని ఫీజు మేమే ఇచ్చాం. మూడేళ్లలో ఊరు మారతామనుకునేవాళ్లకి, వీసా ఏమవుతుందో తెలియనివాళ్లకి, లెండర్ ఇచ్చేదే నయం. అంటే లెండర్ పెయిడ్ అనేది మోసం కాదు. ఎంతో తెలియకుండా తీసుకోవడమే నష్టం. రీఫైనాన్స్ క్లోజింగ్ డిస్‌క్లోజర్ రాగానే నేను మొదట చూసింది ఆ కుడి చివరి గడినే. ఖాళీగా ఉంది. అలాగే ఉండాలి.

వీసా మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. "హెచ్1బీ వాళ్లకి రేటు కొంచెం ఎక్కువే ఉంటుంది" అని కొత్తగా వచ్చినవాళ్లని భయపెట్టేవాళ్లున్నారు. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న వీసావాళ్ల లోన్లను ఫ్యానీ మే (లెండర్ల దగ్గర ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థ) పౌరులకిచ్చే షరతులతోనే కొంటుంది. ఆ మాట అన్నవాళ్లని ఏ నిబంధన ప్రకారమో రాసివ్వమనండి.

ఇంకో కాగితం ఉంది, మేం 2019లో చదవకుండా సంతకం పెట్టినది. బ్రోకర్ తనకి ఎక్కువ వచ్చే లోన్ వైపు మిమ్మల్ని తోయకూడదు. అలా తొయ్యలేదని చూపించుకోవడానికి బ్రోకర్లు సాధారణంగా మూడు రకాల లోన్లు ఒక పేజీలో రాసి చూపిస్తారు: అన్నిటికంటే తక్కువ రేటున్నది, రిస్కు షరతులు లేనివాటిలో తక్కువ రేటున్నది, పాయింట్లూ (రేటు తగ్గించుకోవడానికి ముందే కట్టే డబ్బు) ఫీజులూ కలిపి అన్నిటికంటే తక్కువ పడేది. తను పనిచేసే లెండర్లలో కనీసం ముగ్గురి నుంచి ధరలు తెచ్చి రాయాలి. ఈ పేజీ అరవై ఈ-సంతకాల మధ్య ఎక్కడో ఉంటుంది, "తర్వాత" బటన్ నొక్కుకుంటూ పోతే ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియదు. అది కనిపించగానే చెయ్యి తీసేసి చదవండి. మా 2019 ఫైలు తర్వాత వెతికితే, తక్కువ రేటు గడిలో 3.99 రాసి ఉంది, కింద నా సంతకం ఉంది. ఎవర్నని తిట్టను?

రెండు మూడు చోట్ల లోన్ ఎస్టిమేట్లు తెప్పించి పోల్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు, మొదటి పేజీ అడుగున ఉండే "క్లోజింగ్‌కి తేవాల్సిన డబ్బు" చూసి తక్కువున్నది ఎంచుకోవడం. ఆ అంకెలో ఇంటి పన్నూ ఇన్సూరెన్సూ కూడా కలిసి ఉంటాయి. వాటిని లెండర్ అంచనా వేసి రాస్తాడు, తక్కువ వేస్తే కాగితం అందంగా కనిపిస్తుంది. కానీ కౌంటీ పన్ను ఎవరి దగ్గర లోన్ తీసుకున్నా అంతే. మీరు చూడాల్సింది రెండో పేజీలో సెక్షన్ ఏ మొత్తం, అదే పేజీ అడుగున కుడివైపు లెండర్ క్రెడిట్స్ (మీ ఖర్చుల్లో లెండర్ భరించే మొత్తం), మొదటి పేజీలో రేటు. ఈ మూడూ కలిపి చూడాలి. మొదటి పేజీ పైన కుడివైపు రేటు లాక్ అయిందో, అంటే మారకుండా ఖాయమైందో, లేదో రాసి ఉంటుంది. లాక్ కాని రేటు తక్కువగా కనిపించినా దాన్ని పట్టుకుని వేలాడకండి. అన్ని కాగితాలూ ఒకే రోజువి అయ్యేలా చూసుకోండి, రేట్లు రోజూ మారతాయి. టెక్సాస్‌లో అయితే టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కు మీద తగాదా వస్తే ఆదుకునే బీమా) ప్రీమియం రాష్ట్రమే నిర్ణయిస్తుంది, కాబట్టి దానికోసం పది కంపెనీలకు ఫోన్లు చెయ్యడం దండగ.

బ్యాంకు కాగితాన్ని బ్రోకర్ కాగితంతో పోల్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాంకులో నేరుగా లోన్ తీసుకుంటే క్లోజింగ్ డిస్‌క్లోజర్ కుడి గడిలో కమిషన్ ఏమీ ఉండదు. అక్కడి లోన్ ఆఫీసర్ బ్యాంకు ఉద్యోగి, అతని కమిషన్ మీకు చూపించాలనే రూలు లేదు. బ్యాంకుకి మిగిలేదీ చూపించక్కర్లేదు. ఇది తెలిశాక మా పాత బ్రోకర్ మీద నా కోపం సగం చల్లారింది. అతని 8,100 కాగితం మీద ఉంది కాబట్టి తిట్టుకున్నాను, బ్యాంకులో అయితే అసలు కనిపించేదే కాదు.

ఫీజు ఒకసారి లోన్ ఎస్టిమేట్‌లో రాశాక పెంచడం అంత తేలిక కాదు, ఇది మనకి బాగా పనికొచ్చే రూలు. లెండర్‌కీ బ్రోకర్‌కీ వెళ్లే ఫీజులు ఒక్క డాలర్ కూడా పెరగకూడదు. లెండర్ ఇస్తానన్న క్రెడిట్ తగ్గకూడదు. వాళ్ల జాబితాలోంచి మీరు ఎంచుకున్న సర్వీసులూ, కౌంటీలో పత్రాలు నమోదు చేసే రికార్డింగ్ ఫీజూ అన్నీ కలిపి 10 శాతం దాకా పెరగొచ్చు. మీ అంతట మీరు బయట వెతుక్కున్నవాటికీ, ఇన్సూరెన్స్‌కీ, ఎస్క్రోకీ (పన్నూ ఇన్సూరెన్సూ కట్టడానికి లెండర్ తీసి ఉంచే డబ్బు) హద్దు లేదు. నిజంగా పరిస్థితి మారితే, అంటే మీరు అప్పు పెంచమన్నారనో, రేటు లాక్ చేశారనో, అప్రైజల్ వేరేగా వచ్చిందనో అయితే, మూడు పనిదినాల్లోగా సవరించిన కాగితం పంపి మార్చవచ్చు. ఊరికే మార్చకూడదు.

2023లో మా పిన్ని కొడుకు ప్రాస్పర్‌లో కొత్త ఇల్లు తీసుకున్నాడు. బిల్డర్ తన లెండర్ దగ్గరే లోన్ తీసుకుంటే క్లోజింగ్ ఖర్చుల్లో కొంత ఇస్తానన్నాడు. అలా ఆశ చూపించవచ్చు, కానీ ఆ లెండర్‌తో తనకి వాటా ఉంటే ఆ సంగతి రాసి ఇవ్వాలి. అక్కడే తీసుకోవాలని బలవంతం చెయ్యకూడదు. మావాడు బయట బ్రోకర్ దగ్గర కూడా కాగితం తెచ్చి చూస్తే, బిల్డర్ ఇచ్చే డబ్బు రేటులో నాలుగేళ్లకే తిరిగి పోయేలా ఉంది. బ్రోకర్ వైపే వెళ్లాడు. రాత్రి పదకొండింటికి స్క్రీన్‌షాట్ పెట్టాడు: లోన్ ఎస్టిమేట్‌లో బ్రోకర్ ప్రాసెసింగ్ ఫీజు 595, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో 795. "మధ్యలో ఏమైనా మారిందా, కొత్త ఎస్టిమేట్ వచ్చిందా?" అన్నాను. "లేదక్కా." పొద్దున్నే "ఈ ఫీజు ఎందుకు పెరిగింది, కారణం రాతపూర్వకంగా చెప్పండి" అని ఒక్క వాక్యం ఈమెయిల్ పెట్టించాను. మధ్యాహ్నానికి 200 క్రెడిట్‌తో కొత్త కాగితం వచ్చింది. వివరణ లేదు, క్షమాపణా లేదు. క్లోజింగ్ అయిపోయాక గమనించినా, 60 రోజుల్లోగా తిరిగి ఇచ్చే బాధ్యత లెండర్‌ది.

ముహూర్తాలు పెట్టుకునే మనవాళ్లకి ఆ మూడు రోజుల లెక్క బాగా తెలిసి ఉండాలి. క్లోజింగ్ డిస్‌క్లోజర్ విషయంలో శనివారం పనిదినమే, ఆదివారమూ ఫెడరల్ సెలవులూ కావు. సోమవారం అందితే గురువారం సంతకాలు, గురువారం అందితే సోమవారం. ఈమెయిల్‌లో వచ్చింది తెరిచి "అందింది" అని నొక్కకపోతే, పంపిన తర్వాత ఇంకో మూడు పనిదినాలకి అందినట్టు లెక్కేస్తారు. అలా నొక్కడం అంటే ఒప్పుకున్నట్టు కాదు, భయపడకుండా నొక్కేసి తీరిగ్గా చదవండి. ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపి లెక్కేసిన వార్షిక రేటు) స్థిర రేటు లోన్‌లో ఎనిమిదో వంతు శాతం కంటే ఎక్కువ తేడా వచ్చినా, లోన్ రకం మారినా, ముందుగా తీర్చేస్తే జరిమానా అనే షరతు కొత్తగా చేరినా మూడు రోజులూ మళ్లీ మొదలవుతాయి. అందుకే గృహప్రవేశం క్లోజింగ్ మర్నాడే పెట్టుకోకండి, కనీసం వారం వదలండి. పంతులుగారు మళ్లీ ముహూర్తం చూస్తారు, లెండర్ మాత్రం రూలు సడలించడు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "నా రిఫరెన్స్ చెప్పండి, నాకూ మీకూ గిఫ్ట్ కార్డ్" గొడవ జోలికి వెళ్లకండి. ఇంటి లోన్ వ్యాపారాన్ని ఒకరి దగ్గరికి పంపినందుకు డబ్బు గానీ బహుమతి గానీ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1974 నాటి రెస్పా చట్టం ఎనిమిదో సెక్షన్ కింద నేరాలే. 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. రియల్టర్ "మా బ్రోకర్‌నే పెట్టుకోండి" అని మరీ పట్టుబడితే "మీకు అందులో ఏమైనా వాటా ఉందా?" అని నవ్వుతూనే అడగండి.

బ్రోకర్ పేరు ఎన్ఎంఎల్ఎస్ (ఇంటి లోన్లు ఇచ్చేవాళ్ల లైసెన్సుల జాబితా) కన్స్యూమర్ యాక్సెస్ సైట్‌లో చూడటానికి రెండు నిమిషాలు చాలు. లైసెన్స్ ఉందో లేదో, రాష్ట్రం ఏమైనా చర్య తీసుకుందో అక్కడ ఉంటుంది. వాళ్ల ఎన్ఎంఎల్ఎస్ నంబరు లోన్ ఎస్టిమేట్ మూడో పేజీలో ఉండాలి. ఫిర్యాదు ఉంటే సీఎఫ్‌పీబీకి ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. టెక్సాస్‌లో బ్రోకర్ల మీద అయితే ఆస్టిన్‌లోని సేవింగ్స్ అండ్ మార్ట్‌గేజ్ లెండింగ్ శాఖకి కూడా.

ఇండియాలో ఇప్పుడిప్పుడే ఇలాంటిది మొదలైంది. 2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ లోన్లకి బ్యాంకులు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అందులో లేని ఛార్జీ మీరు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వెయ్యకూడదు. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనే అన్నయ్యకి ఆ కాగితం అడగమని చెప్పాను.

ఎస్టిమేట్లు, వాటి సవరణలు, క్లోజింగ్ డిస్‌క్లోజర్ అన్నీ ప్రింట్ తీసి పెట్టుకోండి. క్లోజింగ్ డిస్‌క్లోజర్‌ని లెండర్ ఐదేళ్లు దాచాలి, ఆ తర్వాత అడిగితే ఉంటుందో ఉండదో. మావి మా అత్తగారు పసుపు బొట్టు పెట్టిన నీలం ఫోల్డర్‌లో ఉన్నాయి. 2019 కాగితం రెండో పేజీలో ఆ 8,100 చుట్టూ ఎర్ర పెన్నుతో గీసిన సున్నా ఉంది. లోన్ తీసుకోబోయేవాళ్లు ఇంటికొస్తే కాఫీ ఇచ్చి ముందు ఆ పేజీ చూపిస్తాను.